మీ ఇష్టమే... నాన్న చెప్పినట్టు!

సైన్సుకీ ఆర్ట్స్‌కీ నడుమ గోడ వద్దు, సబ్జెక్టులు పిల్లలే ఎంచుకోవాలంది 2020 జాతీయ విద్యా విధానం.

మన ఇళ్లలో ఆ స్వేచ్ఛకేం లోటు? ఎంపీసీ అయినా తీసుకోవచ్చు, బైపీసీ అయినా తీసుకోవచ్చు.

సీఈసీ, హెచ్‌ఈసీ కూడా ఉన్నాయిగా అంటారా? ఉన్నాయి. పక్కింటి పిల్లలకు.

ముందుచూపులోనూ మనకు సాటి లేదు. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్! పునాది అంత లోతుకు తవ్వాక, లోపల పిల్లాడు కనబడట్లేదేమని అడక్కూడదు.

కెరీర్ కౌన్సెలింగూ పద్ధతిగానే సాగుతోంది.

"ఏమవుదామనుకుంటున్నావమ్మా?" అంటారు సారు.

నాన్న చెబుతాడు. అమ్మ తలూపుతుంది. అమ్మాయి ఫీజు రసీదు పట్టుకుంటుంది.

పదో తరగతి ఫలితాలు రాకముందే కాలేజీ సీటు ఖాయం. తేలాల్సింది ఒక్కటే...

ఇంజినీరింగ్ అయ్యాక ఏం చదవాలో!