చిటికెనవేలి కింద అక్షరం

నా మీటలు చూస్తే నేను ఏ భాషలో కూలి చేశానో ఎవరైనా చెప్పేస్తారు. ‘టి’, ‘హెచ్’, ‘ఇ’ మీద అచ్చు చెరిగిపోయి నున్నగా మెరుస్తుంది. ‘క్యూ’, ‘జెడ్’ మాత్రం బొంబాయి నుంచి పెట్టెలో వచ్చిన రోజున ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే ఉన్నాయి. నేను ఇంగ్లీషు టైపు మిషన్‌ని. గోద్రెజ్ వాళ్లు మొదటి టైపు మిషన్ని 1955లో చేశారు. నేను ఆ వంశంలో తర్వాతి తరం దాన్ని. ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువసార్లు వాడే మాట ‘ది’. ఆ మాటకు అర్థం ఏమిటని అడిగితే డిక్షనరీలు పేజీలకు పేజీలు తిప్పుతాయి గాని సూటిగా ఒక్క మాట చెప్పవు. అర్థం చెప్పలేని మాట కొట్టీ కొట్టీ నా మీటలు అరిగిపోయాయి.

నన్ను మొదట కొన్నది గుంటూరులో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్. లోయర్ పరీక్షకి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. మాటంటే అర్థంతో పనిలేదు, అయిదు దెబ్బలు పడితే ఒక మాట కింద లెక్క. చేరిన ప్రతివాడూ మొదటిరోజు కొట్టేది ‘ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్’. అంటే ఇంగ్లీషులో అందరికంటే ముందు పలకరించే అక్షరం ‘ఎ’. దాన్ని కొట్టాల్సింది ఎడమచేతి చిటికెనవేలు. పది వేళ్లలో అంత బలహీనమైన వేలు ఇంకోటి లేదు. అందుకే పిల్లల కాగితాలమీద ‘ఎ’ ఎప్పుడూ సగం నీరసంగా, సిరా అంటీ అంటనట్టు పడేది. చాలాసార్లు అసలే పడేది కాదు. పడకపోయినా వాళ్లకు పెద్దగా పట్టింపు ఉండేది కాదు. ఇంగ్లీషు వాక్యంలో ‘ఎ’ లేకపోతే తెలుగువాడి చెవికి వెలితి ఏమీ తోచదు మరి.

కాస్త చెయ్యి తిరిగాక నక్క, కుక్క వాక్యం ఇచ్చేవారు. ది క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ది లేజీ డాగ్. ఇంగ్లీషులోని 26 అక్షరాలూ అందులో వస్తాయని ఊరంతటికీ తెలుసు. నాకు తెలిసిన సంగతి ఇంకోటి ఉంది. అందులోంచి రెండు ‘ది’లనూ పీకేసి చూడండి. నక్క దూకుతూనే ఉంటుంది, కుక్క బద్ధకంగానే పడుకుంటుంది, కాని ‘టి’, ‘హెచ్’ మాయమవుతాయి. ఇంకెక్కడా ఆ రెండక్షరాలు లేవు. 1885లో బోస్టన్ జర్నల్ పత్రికలో అచ్చయిన పాత రూపంలో నక్క ముందు ‘ది’ లేదు, ‘ఎ’ ఉంది. ఎక్కడినుంచో వచ్చిన ఏదో ఒక నక్క. కుక్క ముందు మాత్రం ‘ది’, రోజూ అరుగుమీద కనబడే కుక్కే అన్నట్టు. నన్నడిగితే ఆ పాత వాక్యమే అందం.

ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త మిషన్లు వచ్చాక నన్ను కోర్టు ఎదురుగా జాబ్ టైపింగ్ చేసే మాస్టారు కొనుక్కున్నారు. రేకుల పంచ, ఒక బల్ల, నేను, ఫుల్‌స్కేప్ కాగితాల దస్తా, కార్బన్ల కట్ట. అసలు చదువు నాకు అక్కడే అబ్బింది. వ్యాకరణం పుస్తకాల్లో రూల్సుగా ఉన్నది అక్కడ గెట్టుతగాదాగా, జీతం బకాయిగా, భరణంగా ఉండేది.

ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న ఒకమ్మాయి సాయంత్రాలు పని నేర్చుకోడానికి వచ్చేది. స్థలం కేసు ఒకటి టైపు చేస్తూ ఆగిపోయింది.

“మాస్టారూ, ఇక్కడ సైట్ ముందు ‘ఎ’ కొట్టాలా, ‘ది’ కొట్టాలా?”

“ఆ స్థలం సంగతి జడ్జిగారికి ఇంతకుముందు తెలుసా అమ్మా?”

“తెలీదు కదండీ. ఇప్పుడేగా చెప్తున్నాం.”

“అయితే ‘ఎ’. కింది పేరాలో?”

“ఇప్పుడు తెలుసు.”

“మరింకేం? ‘ది సెడ్ సైట్’ కొట్టు. దస్తావేజుల్లో సదరు స్థలం అంటామే, అదే.”

అక్కడితో ఆగే మనిషి కాదాయన. బల్ల ముందు నిలబడ్డ కక్షిదారు మాటల్నే పట్టుకున్నారు. “ఈయన ఇందాక ఏమన్నాడు? ‘స్థలం కొన్నానండీ’ అన్నాడు. ఆ తర్వాత? ‘ఆ పక్కింటివాళ్లు స్థలాన్ని ఆక్రమించారు’ అన్నాడు. మొదట స్థలం, తర్వాత స్థలాన్ని. ఆ ‘ని’ ఎవరు నేర్పారు ఈయనకి? బడికే వెళ్లలేదు. మనకి ‘ది’ తెలీదని ఎవడన్నాడు? వాళ్లు ముందు పెడతారు, మనం వెనక తగిలిస్తాం.” కక్షిదారు తన కేసు బలంగా ఉందన్నారేమో అనుకుని తలూపాడు. ఈ కిటుకు మనుషుల దగ్గర పనిచెయ్యదని కూడా మాస్టారే చెప్పారు. కోడల్ని చూశాను అంటే తెలిసిన కోడలైనా, చూడబోయిన కోడలైనా ‘ని’ తప్పదు. వస్తువుల దగ్గర మాత్రం ఆ గీటురాయి బాగా పనికొస్తుందనేవారు.

‘ఎ’, ‘యాన్’ గొడవ వేరు. అచ్చు ముందు ‘యాన్’ అని పిల్లలకు బడిలో చెబుతారు, వాళ్లు కంటితో అచ్చు వెతుకుతారు. చూడాల్సింది కన్ను కాదు, చెవి. యాన్ అవర్, ఎ యూనివర్సిటీ. మా దగ్గర దీనికి రోజూ పరీక్షే. 1985లో మండలాలు వచ్చాక అర్జీలన్నీ ఎమ్మార్వో చుట్టూ తిరిగేవి. పూర్తి పేరు కొడితే ‘ఎ మండల్ రెవెన్యూ ఆఫీసర్’. మూడక్షరాలు కొడితే ‘యాన్ ఎమ్మార్వో’. మనిషి ఒకడే, కుర్చీ ఒకటే. చాలామంది ఇక్కడే బోల్తా పడేవారు. కారణం నాకు వాళ్ల నోళ్లలోనే వినబడేది. మనం పలికేది ‘యెమ్మార్వో’. ముందు ‘య’ వినబడ్డాక ‘యాన్’ ఎందుకు కొడతారు? తర్వాత ఆ హోదా మళ్లీ తహసీల్దారు అయింది, నాకు ఒక ‘ఎన్’ దెబ్బ తగ్గింది.

నిజానికి ‘యాన్’ అన్నదే అన్న, ‘ఎ’ తమ్ముడు. పూర్వం ఒకటి అనే మాటే అరిగి ‘యాన్’ అయిందట, హల్లు ముందు ఇంకా అరిగి ‘ఎ’ అయిందట. ఆ అమ్మాయి క్లాసులో విన్నవన్నీ మాస్టారికి వచ్చి ఒప్పజెప్పేది. వంటింట్లో కట్టుకునే ఏప్రన్ ఒకప్పుడు ‘నేప్రన్’. ‘ఎ నేప్రన్’ అంటూ అంటూ జనం ‘న’ను ఇటువైపు జరిపేసి ‘యాన్ ఏప్రన్’ చేసేశారు. ఆరెంజ్‌దీ మన నారంగం కుటుంబమే. దాని ‘న’ ఇంగ్లీషు గడప తొక్కకముందే ఫ్రాన్సు, ఇటలీల్లో ఎక్కడో రాలిపోయింది. మన నారింజ మాత్రం తన ‘న’ తన దగ్గరే ఉంచుకుంది.

ఇవన్నీ సరదా సంగతులు. ఒక్క దెబ్బ తేడాతో కొంప మునిగే చోటు ఒకటుంది. ఒక పెద్దాయన పంపకాల కేసులో కుర్రవకీలు రాసిచ్చిన చిత్తులో, వాది దగ్గర హక్కు రుజువు చెయ్యడానికి ‘ఫ్యూ డాక్యుమెంట్స్’ ఉన్నాయని ఉంది. మాస్టారు క్యారేజి ఆపేశారు. ‘ఫ్యూ’ అంటే ఉన్నా లేనట్టే, చెప్పుకోదగ్గవి లేవని. ‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని ఉన్నాయని. మన కక్షిదారు తన గొయ్యి తానే తవ్వుకుంటూ అర్జీ వేస్తున్నాడన్నమాట. ఆ చిటికెనవేలి దెబ్బ ఒకటి కొట్టి కేసు నిలబెట్టారు. అదే వారంలో ఒకామె కోర్టు ఫీజు కట్టే స్తోమతు లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డరు కింద దరఖాస్తు పెట్టుకుంది. అందులో ‘షి హాజ్ ఎ లిటిల్ ఇన్‌కమ్’ అని ఉంది. అక్కడ మాస్టారు ‘ఎ’ తీసేశారు. ఎంతో కొంత రాబడి ఉందని మనమే ఒప్పుకుంటే బీదతనం ఏం నిరూపిస్తాం? పెద్దాయనకు ‘ఎ’ కావాలి, ఈమెకు ‘ఎ’ ఉండకూడదు. ఈమధ్య సాఫ్ట్‌వేర్ పిల్లలు పైవాళ్లకు ‘ఐ హ్యావ్ ఫ్యూ డౌట్స్’ అని మెయిల్ పెడుతుంటారని విన్నాను. అంటే అనుమానాలు దాదాపు లేవని. మరి మెయిల్ ఎందుకు పెట్టినట్టు?

కార్బన్లు సర్దేలోపు కాలక్షేపానికి ఒక సీనియర్ వకీలుగారు చెప్పిన కథ ముందు మా కేసులు చిన్నవే. 1967 జూన్‌లో ఇజ్రాయెల్‌కూ అరబ్బు దేశాలకూ ఆరు రోజుల యుద్ధం జరిగింది. ఆ నవంబరు 22న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 242వ తీర్మానం చేసింది. బ్రిటన్ తరఫున ముసాయిదా పెట్టింది లార్డ్ కారడన్. యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనలు వెనక్కి పోవాలని అందులో ఒక మాట. ఇంగ్లీషు పాఠంలో ‘టెరిటరీస్’ ముందు ‘ది’ లేదు. లేదు గనక అన్ని భూభాగాలూ అని కాదన్నది ఇజ్రాయెల్ వాదన. ఫ్రెంచి పాఠంలో ఆ చోట ‘ది’ లాంటి ఆర్టికల్ ఉంది కదా, పైగా యుద్ధంతో భూమి సంపాదించడం చెల్లదని తీర్మానం మొదట్లోనే ఉంది కదా అన్నది అరబ్బు దేశాల వాదన. ఆ ‘ది’ చేతిలో జారిపోయింది కాదు, తెలిసే వదిలేశారు. రెండువైపులా ఒప్పించాలంటే ఖాళీ ఒకటి ఉండాలి. అది విని మాస్టారు, “మా దగ్గరైతే ఆఫీసువాళ్లు అభ్యంతరం రాసి తిప్పిపంపేవాళ్లండీ” అన్నారు.

విశేషణాల దగ్గర తెలుగువాడికి సగం కష్టం తప్పింది. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు, మనకు మంచి మారదు, ఇంగ్లీషులో ‘గుడ్’ మారదు. హిందీవాడిలా దాన్ని ఆడామగా చెయ్యక్కర్లేదు. చిక్కు వరసలో వస్తుంది. ఆస్తి షెడ్యూల్లో ఒక ఇంటి వర్ణన: పాత, పెద్ద, ఎర్ర, పెంకుటిల్లు. మనం పాత పెద్ద ఇల్లు అన్నా, పెద్ద పాత ఇల్లు అన్నా ఎవరూ తిరిగి చూడరు. ఇంగ్లీషులో ముందు అభిప్రాయం, తర్వాత పరిమాణం, తర్వాత వయసు, రంగు, ఊరు, చేసిన సరుకు. ‘ఎ బిగ్ ఓల్డ్ రెడ్ టైల్డ్ హౌస్’. వరస తప్పితే అర్థం చెడదు గాని ఇంగ్లీషువాడి చెవిలో రాయి పడ్డట్టుంటుంది. ఎందుకు అంటే వాళ్లకూ తెలీదు. టోల్కీన్ అనే పెద్ద రచయిత ఏడేళ్లప్పుడు డ్రాగన్ కథ రాస్తూ ‘ఎ గ్రీన్ గ్రేట్ డ్రాగన్’ అన్నాడట. ‘ఎ గ్రేట్ గ్రీన్ డ్రాగన్’ అనాలి అంది తల్లి. ఆక్స్‌ఫర్డ్‌లో భాషాశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ అయ్యాక కూడా, 1955లో కవి ఆడెన్‌కు రాసిన ఉత్తరంలో, అలా ఎందుకనాలో తనకింకా అంతుపట్టలేదన్నాడు.

ఉద్యోగ దరఖాస్తుల్లో ‘ఐ యామ్ వెరీ ఇంట్రెస్టింగ్ ఇన్ ది పోస్ట్’ అని రాసుకొచ్చేవాళ్లకు లెక్కలేదు. “ఆ సంగతి వాళ్లు చెప్పాలి బాబూ, నువ్వు కాదు” అని మాస్టారు ‘ఇంట్రెస్టెడ్’ కొట్టేవారు. సీనియారిటీ అర్జీల్లో ‘జూనియర్ దాన్ మీ’ మరో తెగులు. అక్కడ ‘దాన్’ కుదరదు, ‘టు’ కావాలి. సీనియర్, జూనియర్ రెండూ లాటిన్ నుంచి అప్పటికే పోలికను మోసుకుని వచ్చిన మాటలు.

డీటీపీ సెంటర్లు వచ్చి మా పంచ ఖాళీ అయ్యాక మాస్టారు నన్ను ఇంటికి తెచ్చుకున్నారు. కంప్యూటర్ తప్పుల కింద నీలిగీత గీస్తుందట, ‘ఎ’ లేకపోతే పెట్టమంటుందట. పెట్టమనొచ్చు. జడ్జిగారికి ఆ స్థలం ముందే తెలుసో లేదో దానికెవరు చెప్పాలి?

మొన్న డల్లాస్ నుంచి మనవడు వచ్చాడు. బామ్మ ఆపరేషన్ గురించి ఇన్సూరెన్సు వాళ్లకు మాస్టారు నామీద ఉత్తరం కొడుతుంటే భుజం మీదుగా చూశాడు.

“తాతయ్యా, ‘ఇన్ హాస్పిటల్’ ఏంటి? ‘ఇన్ ది హాస్పిటల్’ కదా?”

“మంచమ్మీద పడుకున్నవాళ్లు ‘ఇన్ హాస్పిటల్’. క్యారియర్ పట్టుకెళ్లినవాడు ‘ఇన్ ది హాస్పిటల్’.”

“అమెరికాలో ఇద్దరికీ ‘ది’ పెడతాం.”

అప్పట్లో మా దగ్గర పని నేర్చుకున్న ఆ అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు. తగువు ఫోనులో ఆమె దగ్గరికి వెళ్లింది. ఇద్దరూ కరెక్టే అంది, ఆయనది బ్రిటన్ పద్ధతి, వీడిది అమెరికా పద్ధతి. మాస్టారికి తృప్తి కాలేదు. “కోర్టు సంగతి చెప్పమను. ‘గో టు కోర్ట్’ అంటే దావా వెయ్యడం. ‘గో టు ది కోర్ట్’ అంటే ఆ భవనానికి వెళ్లడం. నేను జన్మంతా ‘ది కోర్ట్’కి వెళ్లాను, ‘కోర్ట్’కి ఒక్కసారీ వెళ్లలేదు.”

“ఇన్సూరెన్సు వాళ్లు డబ్బు ఇవ్వకపోతే వెళ్దాంలే తాతయ్యా” అన్నాడు మనవడు.