పడితే పైకే

రాజీనామా అనగానే మన మంత్రులు ఎందుకంత బెంబేలెత్తుతారో అర్థం కాదు. కుర్చీ పట్టుకుని వేలాడటంలో ఉన్న ప్రావీణ్యం దిగి ఎక్కడంలో లేకపోవడమే కారణం. శిక్షణ కావాలంటే బ్రిటన్ లేబర్ పార్టీని తెరవెనుక నుంచి నడిపించిన పీటర్ మాండెల్సన్ చరిత్ర తిరగేస్తే చాలు.

తాత హెర్బర్ట్ మారిసన్ ప్రధాని ఆట్లీ మంత్రివర్గంలో పెద్ద తలకాయ. మనవడు 1985లో పార్టీ ప్రచార పగ్గాలు పట్టి, మరుసటి ఏడాదికల్లా ఎర్రజెండాను పక్కకు నెట్టి ఎర్రగులాబీని గుర్తు చేశారు. రంగు అదే కదా అని కార్మికులు సర్దుకున్నారు. (గులాబీ అనగానే తెలంగాణ పాఠకులకు ఇంకో పార్టీ గుర్తొస్తే నా పూచీ లేదు.)

1992లో హార్టిల్‌పూల్ ఎంపీ అయ్యారు. ఓడల పని పోయిన ఈశాన్య తీరపు ఊరది. అక్కడ చేపల కొట్లో ఉడికించిన బఠాణీ ముద్దను చూసి ఈయన అవకాడో పచ్చడి అనుకున్నారని ఒక కథ. కట్టుకథే. అయినా చావలేదు. పార్టీ గుర్తునే మార్చగలిగిన మనిషి బఠాణీలను మాత్రం మార్చలేకపోయారు.

1997లో లేబర్ నేత బ్లెయిర్ గెలిచాక శాఖ లేని మంత్రి. 1951 బ్రిటన్ ఉత్సవాన్ని తాత నడిపించారు కనుక, గ్రీనిచ్‌లో కడుతున్న మిలీనియం డోమ్ బాధ్యత మనవడికొచ్చింది. వారసత్వం మన సొత్తేనని మనం ఊరికే గర్వపడుతుంటాం. 1998లో వాణిజ్య మంత్రి అయ్యారు. జనం ఎంత అడ్డగోలుగా ధనవంతులైనా తమకేమీ బెంగ లేదు, పన్నులు కడితే చాలన్నది ఆ ఏడాదే. చాలామంది ఆ పన్నుల ముక్క మింగేసి మొదటిది మాత్రమే చెబుతారు, అది అన్యాయం.

ఆ బెంగలేనితనం మాటలకే పరిమితం కాలేదు. లండన్‌లో నాటింగ్ హిల్ ఇంటి కోసం మంత్రి కాకముందే 3,73,000 పౌండ్లు అప్పు తీసుకున్నారు. ఇచ్చింది బ్యాంకు కాదు, తర్వాత సాటి మంత్రి అయిన జెఫ్రీ రాబిన్సన్. ఆ రాబిన్సన్ వ్యాపారాలపై విచారణ జరుపుతున్నది మాండెల్సన్ గారి శాఖే. తాను అందులో వేలు పెట్టలేదన్నారు. 1998 డిసెంబరులో రాజీనామా. పది నెలలు తిరిగేసరికి ఉత్తర ఐర్లాండ్ మంత్రి! మన దగ్గర ఒక విచారణ కమిషన్‌కు ఆఫీసు గది దొరకడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

2001 జనవరిలో రెండోది. ఈసారి హిందూజాలు, మన విశాఖ దగ్గర కరెంటు ప్లాంటున్న హిందూజాలే. డోమ్‌లో మతాల విభాగానికి పది లక్షల పౌండ్లు ఇస్తామన్న సోదరుల్లో ఒకరి పాస్‌పోర్టు గురించి హోంశాఖకు ఫోన్ వెళ్లింది. చేసింది తన కార్యదర్శి అన్నారు మాండెల్సన్. కాదు, స్వయంగా ఆయనే చేశారన్నారు హోంశాఖ సహాయ మంత్రి. మాండెల్సన్ పదవి పోయింది. ఆయన అక్రమమేమీ చేయలేదని తర్వాత విచారణ తేల్చింది కూడా. అదే ఏడాది ఎన్నికల్లో గని కార్మికుల నాయకుడు ఆర్థర్ స్కార్గిల్ ఎదురు నిలబడితే, అసలు సిసలు వామపక్షానికి వెయ్యి ఓట్లు రాలేదు. మాండెల్సన్ మెజారిటీ పద్నాలుగు వేలు దాటింది.

హార్టిల్‌పూల్ ఓటర్లను తక్కువ అంచనా వేయకండి. నెపోలియన్ యుద్ధాల నాడు ఒక కోతిని ఫ్రెంచి గూఢచారి అనుకుని ఉరితీశారని ఆ ఊరి మీద పాత అపవాదు. 2002 మేయర్ ఎన్నికల్లో ఫుట్‌బాల్ క్లబ్బు కోతి వేషగాడు, బడిపిల్లలకు ఉచితంగా అరటిపళ్లు ఇస్తానని నిలబడి లేబర్ అభ్యర్థిని ఓడించాడు. తర్వాత మరో రెండుసార్లు గెలిచాడు. రాజీనామా మాత్రం చేయలేదు, పాపం, పైకి రాలేకపోయాడు.

మన నాయకుడు 2004లో ఐరోపా సమాఖ్య వాణిజ్య కమిషనర్‌గా బ్రసెల్స్ చేరారు. 2008 శరదృతువులో ప్రధాని బ్రౌన్ పిలిచి ప్రభువుల సభలో కూర్చోబెట్టి మళ్లీ మంత్రిని చేశారు. కార్మికుల పార్టీలో లార్డు గారు! ఆ వెంటనే ఓ రష్యన్ కుబేరుడి విలాస నౌకలో అంతకుముందు పుచ్చుకున్న ఆతిథ్యం మీద గొడవ రేగింది. రేగితే ఏం? ఏడాది తిరక్కుండా దాదాపు ఉపప్రధాని హోదా.

2025లో వాషింగ్టన్‌కు రాయబారి. సెప్టెంబరులో, బాలికలపై లైంగిక నేరాల దోషి ఎప్‌స్టీన్‌కు ఈయన రాసిన ఆప్యాయపు ఈమెయిళ్లు బయటపడ్డాయి. ఈసారి రాజీనామా దాకా ఆగలేదు, ప్రధాని స్టార్మర్ బర్తరఫ్ చేశారు. అప్పు, పాస్‌పోర్టు, నౌకల మీద నవ్వుకోవచ్చు. ఇక్కడ మాత్రం అటువైపున్నది చిన్న వయసు ఆడపిల్లలు.

ఇప్పుడు తెలిసినవి అప్పుడే తెలిసుంటే నియమించేవాణ్ణే కాదని స్టార్మర్ సెలవిచ్చారు. 2008లో శిక్ష పడ్డ ఎప్‌స్టీన్‌తో మాండెల్సన్ స్నేహం తర్వాత కూడా సాగిందని నియామకానికి ముందే లండన్ పత్రికలు రాశాయి. డౌనింగ్ స్ట్రీట్‌లో పేపరు వేసే కుర్రాడు ఆ రోజుల్లో సెలవులో ఉన్నాడేమో.