అడ్వాన్సే మా ఇన్సూరెన్స్

హైదరాబాద్ కాలనీల్లో సొంతిల్లున్న పెద్దమనిషి స్కూటర్‌కి ఇన్సూరెన్స్ కడతాడు, పోలీసు ఆపుతాడు కాబట్టి. ప్రాణానికీ కడతాడు, బావమరిది ఏజెంటు కాబట్టి. కింద తానుండి పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చిన ఇంటికి మాత్రం కట్టడు. అదేమిటండీ అంటే గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయని చూపిస్తాడు. కుళ్లితే కొత్తది కడతారు, అదే రెన్యువల్.

గుమ్మడికాయని నమ్మనివాళ్లకి అద్దె అగ్రిమెంటు ఉంది. వంద రూపాయల స్టాంపు పేపరు, పదకొండు నెలలు. గోడకి మేకు కొట్టరాదు, రాత్రి పది దాటితే గేటు తీయం, చుట్టాలు రెండ్రోజులకి మించి ఉండరాదు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగుకి ఒక నెల అద్దె కోత. ఇంత ముందుచూపున్న పత్రంలో షార్ట్ సర్క్యూట్ అయితే ఏమిటి, కింది వాటాలోకి వరద వస్తే ఏమిటి అన్న ఊసే ఉండదు. మేకు చిల్లుకి పూచీ ఉంది, గోడకి లేదు.

“మాకు ఇన్సూరెన్స్ ఉందండీ, లోను ఇచ్చినప్పుడే బ్యాంకువాళ్లు కోసేసుకున్నారు” అనేవారు ఇంకో రకం. ఆ కాగితం తీసి చదివితే చాలాసార్లు అది ఇంటికి కాదు, అప్పు తీసుకున్నవారి ప్రాణానికి. ఆయన పోతే మిగిలిన బాకీ తీరుస్తుంది. అంటే ఇల్లు కూలితే పైసా రాదు, ఓనరు కూలితేనే వస్తుంది.

ఇళ్లకంటూ పాలసీ లేక కాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అని ఒకే నమూనా పాలసీ అమలులో ఉంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద, భూకంపం అన్నీ అందులోకి వస్తాయి. సామాన్ల జాబితా రాసివ్వకుండానే, భవనానికి చేసిన బీమాలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా ఇంట్లోని వస్తువులకి వర్తిస్తుంది. ప్రమాదం వల్ల ఇల్లు నివాసానికి పనికిరాకపోతే, ఆ కాలానికి పోయిన అద్దె కూడా ఇస్తుంది. పోర్షన్ల ఓనరుకి ఇంతకన్నా ఏం కావాలి? కానీ అక్కడే అవమానం జరుగుతుంది. “మా ఇల్లు రెండు కోట్లు” అంటాడాయన. తిరిగి కట్టడానికయ్యే ఖర్చే లెక్క అంటుంది కంపెనీ. 1500 చదరపు అడుగులు, అడుగుకి 2,000 చొప్పున 30 లక్షలు. మిగతాదంతా నేల ధర. నేల కాలదు, కొట్టుకుపోదు అని చెబితే, తన రెండు కోట్లని ముప్పై లక్షలు చేసినవాడికి ప్రీమియం కట్టనని భీష్మించుకుంటాడు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చి రోజుల తరబడి కదల్లేదు. కింద అంతస్తు మునిగినవారికి 25,000, పై అంతస్తులవారికి 10,000 చొప్పున సాయం ప్రకటించింది ప్రభుత్వం. కాదనడానికి మనసొప్పదు కానీ, తడిసిన ఫ్రిజ్జు, మంచం, వైరింగుతో పోల్చి లెక్కేస్తే అది ఏ మూలకి? అయినా “గవర్నమెంటు ఇస్తుందిగా” అన్న పాలసీకి ప్రీమియం లేదు, కాబట్టి జనాదరణ ఎక్కువ.

అసలు తమాషా ఇన్సూరెన్స్ దరఖాస్తు దగ్గర. ఇంట్లో మీరుంటున్నారా, అద్దెకిచ్చారా అని అడిగితే ఓనరు పెన్ను దానంతటదే ‘సొంత నివాసం’ మీదికి వెళుతుంది. పాపం, అలవాటు. ఏడాది అద్దె లక్ష దాటితే పన్ను మినహాయింపు కోసం ఆఫీసులో చూపించడానికి పైవాటా కుర్రాడు ఓనరు పాన్ నంబరు అడుగుతాడు. “పాన్ అయితే అద్దె పెంచాలి బాబూ” అన్న జవాబు వస్తుంది. రసీదు ఉండదు. అద్దె చేతికే ఇవ్వాలి. ఆ కుర్రాడు మోటారు వేసే వేళకి ఉన్నాడు, అడ్వాన్స్ ఇచ్చే వేళకి ఉన్నాడు, ఇన్సూరెన్స్ కాగితం మీద మాత్రం పుట్టలేదు. రేపు పైవాటా కాలితే, అక్కడ అద్దెకి ఎవరూ లేరని సంతకం పెట్టిన చేత్తోనే పోయిన అద్దె ఇప్పించమని రాయాలి. కంపెనీకి కావలసిన సాకు ఓనరే సొంత దస్తూరీతో రాసిచ్చాడన్నమాట.

అమీర్‌పేట తరహా ఓనర్లు మరో అడుగు ముందున్నారు. పై రెండంతస్తుల్లో గదికి అయిదు మంచాలు వేసి, డాబా మీద రేకుల కింద గ్యాసు బండలు పెట్టి హాస్టల్ నడుపుతూ, ‘నివాస గృహం’ అని రాస్తారు. యాభై మంది నివసిస్తున్నారు కదా, అబద్ధమేముంది అంటారు.

ఈమధ్య ఒకరిద్దరు మారి పాలసీ తీసుకున్నారు. ప్రీమియం మెయింటెనెన్స్‌లో కలిపి అద్దెవాళ్ల దగ్గరే వసూలు చేస్తున్నారు. “ఇంటికి ఇన్సూరెన్స్ ఉంది, మీకేం భయం లేదు” అని భరోసా కూడా ఇస్తున్నారు. ఆ పాలసీ అద్దెవాళ్ల టీవీకి, బీరువాకి వర్తించదు. వాళ్ల సామాన్లకి వాళ్లే విడిగా తీసుకోవాలి. ఆ సంగతి వాళ్లకి చెప్పే బాధ్యత మేకుల షరతు కింద ఎక్కడా రాయలేదు.