జీతంలో కలిపేసిన బంగాళాఖాతం

విశాఖలో ఈమధ్య ఒక వేదాంతం చెలామణీలో ఉంది. జీతం తగ్గితే సంతోషం పెరుగుతుందట. బెంగళూరులో నలిగిపోయిన మనవాడెవడో సొంతూరు వచ్చేద్దామని ఇంటర్వ్యూకి కూర్చుంటే, అవతలివాళ్లు ముందుగా సముద్రం చూపిస్తారు. "ట్రాఫిక్ ఉండదు, అమ్మానాన్నల దగ్గరే ఉంటారు, సాయంత్రమైతే రుషికొండ గాలి. అందుకని ప్యాకేజీ దగ్గర కాస్త సర్దుకోండి." అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం గానీ, ఏకంగా బంగాళాఖాతాన్ని జీతంలో కలిపి దానం చేసే అల్లుళ్లను ఇప్పుడే చూస్తున్నాం.

సరే, గాలికి లెక్క కట్టారు. మరి పోర్టు దుమ్మునీ కట్టాలి కదా? పాతపోస్టాఫీసు వైపు పొద్దున్న తుడిచిన బాల్కనీని సాయంత్రం మళ్లీ తుడిచి చూడండి, గుడ్డకి బొగ్గు అంటుకుంటుంది. దాన్ని ఏ అలవెన్సులో వేస్తారో!

"వైజాగ్‌లో ఖర్చులు తక్కువండీ" అన్నది వీళ్ల రెండో మంత్రం. ఎవరికి తక్కువ? 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర మంత్రివర్గం రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకి ఇచ్చింది. ఉద్యోగాలొస్తాయంటే మంచిదే. కానీ మధురవాడలో ఆ ధరకి సింగిల్ బెడ్‌రూం ఇచ్చే ఓనరు ఇంకా పుట్టలేదు.

జీతం కోసుకుంటే ఆనందం వస్తుందన్న మాటే నిజమైతే, ఈ ఊళ్లో అందరికంటే ఆనందంగా ఉండాల్సింది ఉక్కు కార్మికులు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ విశాఖ ఉక్కు. 2021 జనవరిలో కేంద్రం దాన్ని పూర్తిగా అమ్మేస్తామంది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ అంది. ఈ మధ్యలో నెలల తరబడి జీతం ముక్కలు ముక్కలుగా పడింది. ఈఎంఐ మాత్రం ముక్కలుగా కట్టించుకోరు. ఆ అమ్మకం వద్దంటూ కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో కూర్చున్నవాళ్ల ముఖాల్లో ఆ పెరిగిన సంతోషం ఎక్కడా కనబడలేదు మరి. పని పోయిన కాంట్రాక్టు కార్మికులకైతే జీతం మొత్తం తగ్గింది గనక, ఈ లెక్కన మోక్షమే సిద్ధించి ఉండాలి.

సంతోషం డబ్బుతో రాదని పరిశోధనలు కూడా చూపిస్తారు. 2010లో పరిశోధకులు కానెమన్, డీటన్ అన్నది ఏడాదికి 75,000 డాలర్లు దాటాక రోజువారీ ఆనందం పెద్దగా పెరగదని. అప్పటి రేటుకే అది ముప్పై లక్షల పైమాట. దాన్ని నెలకి ముప్పై వేలు తెచ్చుకునేవాడికి చదివి వినిపిస్తున్నారు! పైగా అదే కానెమన్ 2023లో కిల్లింగ్స్‌వర్త్‌తో కలిసి మళ్లీ లెక్కవేసి, చాలామందికి ఆదాయంతోపాటు ఆనందం ఆ తర్వాతా పెరుగుతూనే ఉంటుందని తేల్చాడు. ఈ రెండో కాగితం మన హెచ్‌ఆర్ వాళ్లకి ఇంకా అందినట్టు లేదు.

తక్కువ జీతానికి మనసుకి నచ్చిన పని ఎంచుకోవడంలో తప్పేం లేదు. బ్యాంకులో కాస్త నిలవ, నెత్తిన సొంత కప్పు ఉన్నవాళ్లు నిక్షేపంగా చేయొచ్చు. కానీ కోసుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది మీరు, కోత పెట్టేవాడు కాదు. కాబట్టి సంతకం పెట్టేముందు, తగ్గించిన జీతం ఆఫర్ లెటర్లో అంకెల్లో ఉన్నట్టే, పెంచుతామన్న సంతోషాన్నీ అంకెల్లోనే రాసిమ్మనండి. ఎన్నింటికి ఇంటికి పంపుతారో, ఆదివారం ఫోను చేస్తారో లేదో. రాయనంటే, మీ పాత జీతమే అడగండి. సముద్రం ఎలాగూ ఫ్రీయే.