బొగ్గు ఊరికి ఓడ బొగ్గు

2022 ఎండాకాలం. దేశమంతా కరెంటు కటకట. బొగ్గు వ్యాగన్లకు దారివ్వాలని రైల్వే వందల ప్యాసింజర్ ట్రిప్పులు రద్దు చేసింది. అంటే, ఉక్కపోతకు ఇంట్లో ఉండలేనివాడు అత్తారింటికి పారిపోకుండా కూడా కట్టుదిట్టం చేశారన్నమాట. ఆపైన ఢిల్లీ నుంచి మందుచీటీ: కరెంటు తయారుచేసే జెన్‌కోలు పది శాతం విదేశీ బొగ్గు కలపాల్సిందే! ఉక్రెయిన్ యుద్ధం పుణ్యమా అని ఆస్ట్రేలియా బొగ్గు టన్ను 400 డాలర్లు దాటిన ఏడాది అది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి!

గోదావరిఖని వాళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గని బ్లాస్టింగుకు అటక మీది గిన్నెలు గలగలలాడే ఊరు. పొద్దున ఆరేసిన తెల్ల లుంగీ సాయంత్రానికి బూడిద రంగుకు ప్రమోషన్ కొట్టే ఊరు. పక్కనే రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ. ఈ గడ్డ ఉన్న రాష్ట్రానికీ ఓడ బొగ్గేనా? వానలు పడి గండం గడిచాక, ఆగస్టులో, 'కలపడం ఇక మీ ఇష్టం' అన్నారు లెండి ఢిల్లీ వాళ్లు.

రోగం మాత్రం ఖాతా పుస్తకంలో పదిలంగా ఉంది. సర్కారు శాఖలు కరెంటు పంచే డిస్కంకు బిల్లు కట్టవు. డిస్కం జెన్‌కోకు కట్టదు. జెన్‌కో బొగ్గు తవ్విచ్చే సింగరేణికి వేల కోట్లు బాకీ. ఆ సింగరేణి ఎవరిదయ్యా అంటే 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది!

పరిష్కారమా? గనిలోకి దిగే కార్మికుడి క్యాప్ ల్యాంపులు నాలుగు సెక్రటేరియట్‌కు పంపండి. కరెంటు బిల్లుల ఫైలు ఏ బీరువా వెనక పడిందో వెతుక్కుంటారు.