అక్కడున్నారావు గారు

రామంతాపూర్‌లో కాలనీకొక అక్కడున్నారావు గారు ఉంటారు. ఆధార్ కార్డులో వేరే పేరుంటుంది గానీ, ఏ గొప్ప సంగతి ఎత్తినా “నేనక్కడే ఉన్నా” అంటారు కనుక కాలనీవాళ్లు ఖాయం చేసిన పేరిది. హోటల్ దగ్గర ఎవరైనా సచిన్ ఊసెత్తితే చాలు, చాయ్ గ్లాసు పక్కన పెట్టేస్తారు. షాట్లు చూపించడానికి రెండు చేతులూ కావాలి మరి.

“ఉప్పల్ స్టేడియంల ఆ 175 నా కండ్లతోటి చూసిన తమ్మీ! ఆస్ట్రేలియోళ్లు గజగజ వణికిన్రు. నడుమ దుమ్ముతుఫాను లేచి ఆట ఆగింది. అయినా మనోడు ఇడ్వలే, ఆఖర్ల సిక్సర్ కొట్టి గెలిపిచ్చిండు. ఆ జనంల మెట్రో ఎక్కెటానికే గంట పట్టింది!”

ఇందులో స్టేడియం నిజం, 175 నిజం, ఆస్ట్రేలియా నిజం. 2009 నవంబర్ 5న 351 పరుగుల లక్ష్యం వెంట పరుగెత్తిన సచిన్ 141 బంతుల్లో 175 కొట్టారు. ఇంకా 19 పరుగులు కావాలనగా అవుటయ్యారు. జట్టు 347కు ఆలౌటై 3 పరుగుల తేడాతో ఓడింది. దుమ్ముతుఫాను లేచింది 1998 ఏప్రిల్‌లో, షార్జాలో. ఉప్పల్ మీదుగా మెట్రో నడవడం మొదలైంది 2017 నవంబర్‌లో. ఇరవై ఏళ్ల సరుకును రావు గారు ఒక్క రాత్రిలో సర్దేశారు.

పక్కనున్న కుర్రాడు ఫోన్లో స్కోరుకార్డు తీశాడు. “అంకుల్, మనం ఓడిపోయినం.”

రావు గారు కళ్లజోడు సవరించుకుని, కిందివరకూ చదివి, ఫోను తిరిగిచ్చేశారు. “గిది ఇంకో మ్యాచ్ బిడ్డా.”

ఆయన అబద్ధాలకోరు కాదు. ఉన్న ముక్కలను అతికి, ఖాళీ చోట్ల ‘ఇలాగే జరిగి ఉంటుంది’ అనుకున్నది నింపడమే జ్ఞాపకం చేసే పని అని కేంబ్రిడ్జ్ మనస్తత్వవేత్త బార్ట్‌లెట్ 1932లోనే రాశాడు. సచిన్ అంత ఆడితే గెలిచే ఉండాలి కదా! పైగా చెప్పిన ప్రతిసారీ కథ కాస్త మారి, మారిన కథే మళ్లీ మనసులోకి వెళుతుంది. పోయినేడు రావు గారు పై గ్యాలరీలో ఉన్నారు. ఈ ఏడు బౌండరీ తాడు పక్కకే దిగారు.

ఇంతకీ ఆయన స్టేడియానికి వెళ్లారా? ఇంటావిడ సాక్ష్యం వేరు. “గా దినం ఈయన ఏడికి పోయిండు? పక్కింట్ల టీవీ ముందల కూసున్నడు. ఐతారం గదా, మటన్ వండి పిలిస్తే గూడ లేవలే.” ఆమె మాటే నమ్ముదామంటే, 2009 నవంబర్ 5 ఐతారం కాదు, గురువారం.

టీవీ చేసే మాయ మాత్రం చిన్నది కాదు. 1992 అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సరుకు విమానం అపార్ట్‌మెంట్ల మీద కూలింది. కూలిన క్షణాన్ని ఏ కెమెరా పట్టలేదు. అయినా కొన్ని నెలల తర్వాత పరిశోధకులు అడిగితే, ఆ దృశ్యం టీవీలో చూశామని సగానికి పైగా జనం చెప్పారు. లేని వీడియోనే చూసినవాళ్లుండగా, దూరదర్శన్ కేంద్రం ఉన్న రామంతాపూర్‌లో టీవీ మ్యాచ్ కాస్తా స్టేడియం మ్యాచ్ కావడంలో వింతేముంది?

రావు గారి ధీమాకూ దాఖలా ఉంది. 1986 జనవరిలో చాలెంజర్ అంతరిక్షనౌక పేలిన మర్నాడు, ఆ వార్త ఎలా తెలిసిందో అమెరికాలో మనస్తత్వవేత్త నైసర్ బృందం విద్యార్థుల చేత రాయించింది. రెండున్నరేళ్లకు మళ్లీ అడిగితే నాలుగోవంతు మంది చెప్పింది మొత్తం తప్పు. క్లాసులో విన్న అమ్మాయి టీవీలో చూశానంది. తమ చేతిరాత ముందు పెట్టినా వాళ్లకు అసలు సంగతి గుర్తుకు రాలేదు.

రావు గారిని చూసి నవ్వేవారు ఒక పని చేయండి. 2011 ఏప్రిల్ 2న ధోనీ సిక్సర్‌తో ప్రపంచకప్ గెలిచినప్పుడు మీరెక్కడున్నారో, పక్కన ఎవరున్నారో, ఏం తిన్నారో ఓ కాగితం మీద రాయండి. ఆ పక్కనున్న మనిషి చేత కూడా విడిగా రాయించండి. రెండు కాగితాలూ కలిపి చూశాక రావు గారి సంగతి మాట్లాడుకుందాం.