మంచి ఛానెల్‌కు టీకా తాత్పర్యం

మూలం: ‘సొరుగులు ఆరు, హ్యాండిల్ లేకుండా, మంచి ఛానెల్‌తో.’

ఇంట్లో గోడ అలమరలు చేయించుకునేవాళ్ల చేతికొచ్చే ఎస్టిమేట్ కాగితంలో ఇంచుమించు ఇలాంటి పంక్తి ఒకటి ఉంటుంది. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాట ఇచ్చాడు. ఈ పంక్తికి మొదటి నియమం చెల్లదు. చెప్పవలసినదంతా మూలంలో లేనిదే. ‘సొరుగులు ఆరు’ స్పష్టం, టీక అనవసరం. మిగిలిన రెండు మాటలూ విడివిడిగా నిరపాయమే, పక్కపక్కన చేరితేనే చిక్కు. ఎస్టిమేట్ రాసినవారు వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని విశేషణాలనుకున్నారు. మన మతంలో రెండోది మొదటిదాని వెంట నడవాల్సిందే: హ్యాండిల్ పని ఎవరికి అప్పజెప్పారో తేలనిదే ఏ ఛానెల్ (సొరుగు జారే పట్టా) మంచిదో తేలదు.

‘హ్యాండిల్ లేకుండా’ అనగా హ్యాండిల్ పోయిందని అర్థమే గాని, దాని పని పోయిందని కాదు. సొరుగు ముందు పలక పై అంచున వేళ్లు దూరేంత గాడి పెడితే ఆ పని చేతికే మిగులుతుంది, ఛానెల్‌కు కొత్త బాధ్యత ఏదీ రాదు. గాడి కూడా వద్దు, పలక నున్నగా ఉండాలంటే భారమంతా ఛానెల్ మీద పడుతుంది. పుష్ టు ఓపెన్ అనేది అదే: పలకను లోపలికి నొక్కితే స్ప్రింగు విడుదలై సొరుగును బయటికి తోస్తుంది. నొక్కడానికి చోటుండాలి గనుక, మూసి ఉన్నప్పుడు కూడా పలకకూ అలమర అంచుకూ మధ్య దాదాపు 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. ఇక ‘మంచి’ అన్నదానికి బజారులో రూఢ్యర్థం సాఫ్ట్ క్లోజ్. మూసేటప్పుడు చివరి కొద్ది సెంటీమీటర్లలో ఒక స్ప్రింగు సొరుగును లోపలికి లాక్కుంటుంది, డాంపర్ ఆ వేగాన్ని అణచి చప్పుడు కాకుండా చేరుస్తుంది. అంటే ఒక గుణం బయటికి తోసేది, ఇంకొకటి లోపలికి లాగేది. మామూలు ధరకు దొరికే ఛానెళ్లలో ఈ రెంటికీ సమానాధికరణం లేదు. మూలంలోని అసలు లోపం ఇక్కడుంది: ఒకే పంక్తిలో రెండూ ఇస్తామన్నట్టు వినిపిస్తుంది, బిగించాక ఒకటే దక్కుతుంది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: ‘రెండూ కలిసినవి ఉన్నాయి కదా?’ ఉన్నాయి. ఆస్ట్రియాకు చెందిన బ్లూమ్ కంపెనీ టిప్-ఆన్ బ్లూమోషన్ కరెంటుతో పని లేకుండా నొక్కితే తెరుస్తుంది, నెమ్మదిగా మూస్తుంది. అదే కంపెనీ సర్వో-డ్రైవ్‌లో తెరిచే పని మోటారుది. కానీ ధర సంగతి అలా ఉంచినా, ఇవి సొరుగు అడుగున దాగే రకాలు. పెట్టె కొలత మిల్లీమీటరుకు మిల్లీమీటరు కుదరాలి. సైటులో ప్లైవుడ్ కోసి చేసే పనిలో ఆ కచ్చితత్వం ఆశించవచ్చా అన్నది వడ్రంగి చేతిని బట్టి ఉంటుంది. పక్కల బిగించే మామూలు బాల్ బేరింగ్ ఛానెల్‌కే ఒక్కో వైపు అరంగుళం, అంటే సుమారు 12.7 మిల్లీమీటర్లు వదలాలి. పెట్టె కాస్త వెడల్పైతే బిగుసుకుంటుంది, ఇరుకైతే వదులై ఊగుతుంది. సొరుగు బాగా వెడల్పైతే మరో చిక్కు: మూల మీద నొక్కితే ఒక పక్క స్ప్రింగు మేలుకుని రెండో పక్కది నిద్రపోతుంది. రెండు పక్కలనూ కలిపే కడ్డీ విడిగా అడిగి వేయించుకోవాలి.

‘గాడి మాత్రం మారువేషంలో ఉన్న హ్యాండిలే కాదా? పైగా దుమ్ము పడుతుంది, సొరుగు ఎత్తు కొంత మింగుతుంది’ అని రెండో ఆక్షేపణ. మూడూ ఒప్పుకోవలసినవే. అయినా గాడిలో దుమ్ము కంటే నున్నటి అక్రిలిక్ పలక మీద రోజూ పడే నూనెచేతుల ముద్రలు ఎక్కువ బాధ. ఇరుకు వంటింట్లో నడుము తగిలినా, పసివాడు ఆనుకున్నా, ఎవరూ అడగకుండానే పుష్ సొరుగు తెరుచుకుంటుంది. దీనిని అతివ్యాప్తి దోషమనవచ్చు. నిండా పప్పుల డబ్బాలున్న సొరుగును స్ప్రింగు కాస్త తోసి వదిలేస్తుంది, మిగతాది చేతితో లాగవలసిందే, ఇది అవ్యాప్తి. అందుచేత రోజూ పదిసార్లు తీసేవాటికి, బరువున్నవాటికి గాడి, సాఫ్ట్ క్లోజ్ ఛానెల్. కాగితాలు, అరుదుగా తీసే దుప్పట్లు ఉండేవాటికి పుష్ చాలు. ఆరు సొరుగులకూ ఒకే రకం వేయాలన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు.

మరి ‘మంచి’కి వాచ్యార్థం ఏమిటి? పొడవు, పూర్తిగా బయటికి వస్తుందా లేక ముప్పావేనా, ఎంత బరువు మోస్తుంది, ఏ రకం. డబ్బా మీద 45 కిలోలని ఉంటే అది జతకు, బరువు సమానంగా పరిచినప్పటి లెక్క. వెనక మూల ఖాళీగా వదిలి ముందు అంచున ఇనుప పెనాలన్నీ పేర్చినప్పటిది కాదు. కనుక అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ పంక్తిలో ‘మంచి’ కొట్టేయించి, ప్రతి సొరుగుకూ ఈ నాలుగు వివరాలూ విడివిడిగా రాయించుకోండి.